ఇంప్లాంట్ పళ్ళు వేయించుకున్న తర్వాత: నేను వెళ్ళిన చెకప్పులు, వాడిన బ్రష్షులు

నాకు తెనాలిలో చిన్న టైలరింగ్ షాపు ఉంది. ముప్పై ఏళ్ళకు పైగా జాకెట్లు కుడుతున్నాను. వయసు 57. పదేళ్ళుగా షుగర్ ఉంది. ఎడమ పక్క కింద రెండు దవడ పళ్ళు పోతే, 2021 జూలైలో విజయవాడలో ఒక క్లినిక్‌లో ఇంప్లాంట్లు, అంటే వేరు బదులు దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూలు, వేయించుకున్నాను. డిసెంబరులో పైన క్యాపులు పెట్టారు. రెండింటికీ కలిపి 68 వేలు అయింది. అంత డబ్బు రెండు పళ్ళకా అని మా ఆయన అన్నారు. మా అమ్మాయి పట్టుబట్టి చేయించింది.

పళ్ళు బాగున్నాయి. జంతికలు, వేయించిన శెనగలు హాయిగా నములుతున్నాను. చెరుకు ఒక్కటే మానేశాను. నేను రాసేది ఆ పళ్ళు పెట్టించుకున్న తర్వాత వాటిని చూసుకోవడం గురించి. ఎక్కడ చూపించుకున్నాను, ఏం చేశారు, ఎంతయింది, ఇంట్లో ఏవేం వాడుతున్నాను, ఏవి పనికొచ్చాయి, ఏవి డబ్బు దండగ అనేది. ఎందుకంటే ఈ మధ్య షాపుకి కొలతలివ్వడానికి వచ్చే ఆడవాళ్ళలో నలుగురు ఇంప్లాంట్లు వేయించుకున్నామని చెప్పారు. తర్వాత చెకప్‌కి వెళ్ళారా అని అడిగితే ఒక్కరూ వెళ్ళలేదు. నొప్పి లేనప్పుడు దేనికండీ అన్నారు. నేనూ అదే మాట అనుకుని పదిహేను నెలలు ఊరుకున్నాను. ఇంకో ఏడాది ఊరుకుని ఉంటే ఆ 68 వేలూ నోట్లోంచి ఊడి చేతిలో పడేవి.

మొదటి క్లినిక్

పేరు రాయను. పళ్ళు పెట్టినంత వరకు చక్కగానే పెట్టారు. చివరి రోజు అద్దం చేతికిచ్చి, "టైటానియం అమ్మా, పుచ్చదు, జీవితాంతం ఢోకా లేదు" అన్నారు. పుచ్చదన్న మాట నిజమే. లోహం పుచ్చదు, పైన క్యాపూ పుచ్చదు. కానీ చుట్టూ ఉన్న చిగురు నాది, కింద ఎముక నాది. అవి పాడైతే లోహం ఎంత గట్టిదైనా నిలబడదు. ఆ సంగతి అక్కడ ఎవరూ చెప్పలేదు. మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పలేదు. ఎలా తోముకోవాలో చూపించలేదు. ఫైల్లో బిల్లు, యాంటీబయాటిక్ చీటీ, అంతే. ఏ కంపెనీ ఇంప్లాంటు, ఎంత లావు, ఎంత పొడవు, లాట్ నంబరు ఎంత అని రాసిన కార్డు ఒకటి ఉంటుందట, అది అడిగి తీసుకోవాలట. ఆ రోజు నాకు తెలియదు.

2023 మార్చిలో, ఉగాది ముందు. మాకు ఊపిరాడని రోజులవి. పొద్దున్నే పళ్ళు తోముకుని ఉమ్మితే తెల్లటి సింకులో సన్నటి ఎర్ర చార. మర్నాడు కూడా అంతే. నొప్పి లేదు. వాపు లేదు. కొత్త పళ్ళు రెండింటి మధ్య ఏదో ఇరుక్కుందేమోనని, నాకున్న అలవాటు కొద్దీ మిషను మీద నుంచి ఒక బారెడు దారం లాగి ఆ సందులో పోనిచ్చాను. మా వృత్తిలో దారం చేతికి అందనప్పుడు ఉండదు కదా. బయటికి తీసి చూస్తే దారం మీద గులాబీ రంగు తడి, ఒక చోట పసుపుపచ్చగా మెత్తటి పాచి. ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుగు కాలవ వాసన. పక్కన నా సొంత పళ్ళ మధ్య కూడా దారం పెట్టి చూశాను. అక్కడ ఆ వాసన లేదు. ఆ దారాన్ని గుప్పిట్లో పెట్టుకుని అలాగే మిషను ముందు కూర్చుండిపోయాను. అంత టెన్షన్ పడ్డాను.

క్లినిక్‌కి ఫోన్ చేస్తే, నొప్పి ఉందా అని అడిగారు. లేదన్నాను. అయితే ఉప్పునీళ్ళు పుక్కిలించండి, తగ్గకపోతే రండి అన్నారు. నా కోపమల్లా ఆ ఒక్క ప్రశ్న మీదే. ఇంప్లాంట్ దగ్గర ఎముక కరుగుతున్నా చాలామందికి నొప్పి రాదు. మన పంటికి లోపల నరం ఉంటుంది, చుట్టూ మెత్తటి పొర ఉంటుంది, తేడా వస్తే అవి కేకేసి చెబుతాయి. ఇంప్లాంటుకి ఆ రెండూ లేవు. నొప్పి మొదలయ్యేసరికి ఎముక సగం పోయి ఉండొచ్చు. పళ్ళు పెట్టే చోట ఫోనెత్తే అమ్మాయికైనా ఈ మాట తెలిసి ఉండాలి.

గుంటూరు డాక్టరు గారు

మా షాపు పక్కన మందుల షాపు ఆయన, "చిగుళ్ళ స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళండి అక్కా, వాళ్ళని పెరియోడాంటిస్ట్ అంటారు" అని చెప్పి కొత్తపేటలో ఒక క్లినిక్ అడ్రసు ఇచ్చాడు. గుంటూరుకి రైల్లో గంట లోపు. ఇప్పటికి ఆవిడ దగ్గరికి ఏడుసార్లు వెళ్ళాను.

మొదటిసారి ఆవిడ చేసింది కొంచెం వివరంగా చెబుతాను. మీ చెకప్ సరిగ్గా జరుగుతోందా లేదా మీరు పోల్చుకోవడానికి పనికొస్తుంది.

నోరు తెరవమనే ముందు పది నిమిషాలు మాట్లాడారు. షుగర్ ఎంత, మూణ్ణెల్ల సగటు పరీక్ష ఎప్పుడు చేయించారు, ఎముకలు గుల్లబారినందుకు మాత్రలేమైనా వాడుతున్నారా, రాత్రుళ్ళు పళ్ళు కొరుకుతారా, వక్క, పొగాకు అలవాటుందా అని. నా సగటు 8.4 ఉంది. షుగర్ అదుపులో లేకపోతే ఇంప్లాంట్ చిగురు త్వరగా చెడిపోతుందట, పొగతాగే వాళ్ళకూ అంతేనట. ఈ మాట మొదటి క్లినిక్‌లో పళ్ళు పెట్టక ముందు ఒకసారి అడిగారు, పెట్టాక మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తర్వాత సన్నటి ప్లాస్టిక్ పుల్ల లాంటిది తీశారు. దాని మీద మిల్లీమీటర్ల గీతలున్నాయి. మామూలు పళ్ళకి స్టీలుది వాడతారు, ఇంప్లాంట్ దగ్గర ఇది వాడతాను, గీతలు పడవు అన్నారు. దాన్ని చిగురుకీ క్యాపుకీ మధ్య చాలా తేలిగ్గా పోనిచ్చి, ఎంత లోతుకు దిగిందో చూసి, పక్కనున్న అమ్మాయికి అంకెలు చెప్పారు. ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల. "మూడు, మూడు, నాలుగు, రక్తం. మూడు, ఆరు, రక్తం..." నేను కళ్ళు మూసుకుని ఆ అంకెలు వింటున్నాను. మేము కొలతలు చెబుతుంటే అసిస్టెంటు పుస్తకంలో రాసుకున్నట్టే ఉంది. భుజం పదిహేను, చుట్టుకొలత ముప్పై ఆరు. కాకపోతే ఇక్కడ అంకె పెరిగిన కొద్దీ గుండె దడదడలాడింది.

ఎక్స్‌రే తీశారు. క్యాపు పెట్టిన రోజు తీసిన ఎక్స్‌రే ఏదమ్మా అని అడిగారు. ఎముక తగ్గిందా లేదా తెలియాలంటే ఆ రోజు ఎక్కడుందో తెలియాలి కదా. నా దగ్గర లేదు. పాత క్లినిక్‌కి నాలుగుసార్లు ఫోన్ చేస్తే, కంప్యూటర్ తెరని సెల్‌ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు. దాంతోనే సర్దుకున్నారు పాపం. మొదటి ఏడాదిలో ఒక మిల్లీమీటరు దాకా ఎముక దిగడం మామూలేనట, ఆ తర్వాత ఏడాదికి 0.2 మించి తగ్గకూడదట. నాది అప్పటికి ఒకటికి కాస్త అటూ ఇటుగా ఉంది. "ఎముక దాకా పోలేదు, చిగురు వాపు దగ్గరే ఆగింది. దీన్ని మళ్ళీ మామూలు చేసుకోవచ్చు. ఎముక పోయాక వచ్చి ఉంటే ఈ మాట చెప్పలేకపోయేదాన్ని" అన్నారు. చిగురు వాపుని మ్యూకోసైటిస్ అనీ, ఎముక కరగడం మొదలైతే పెరి ఇంప్లాంటైటిస్ అనీ అంటారట.

చిగురు ఎందుకు ఇంత త్వరగా చెడింది అని అడిగాను. కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. మన సొంత పంటికి చిగురులోని పోగులు పంటి వేరులోకి గుచ్చుకుని ఉంటాయి. ఇంప్లాంటులోకి అలా గుచ్చుకోలేవు, దాని చుట్టూ తిరిగి బిగుసుకుని ఉంటాయి. నాకు వెంటనే తట్టింది. "అంటే మా భాషలో ఒకటి కుట్టు, రెండోది లంగా బొందు" అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, "సరిగ్గా అదే అమ్మా" అన్నారు. బొందు ఎంత బిగించినా గుడ్డకీ నడుముకీ మధ్య సందు ఉంటుంది. కుట్టు దగ్గర ఆగిపోయే దుమ్ము బొందు దగ్గర లోపలికి జారుతుంది. పాచి కూడా అంతే.

నా విషయంలో ఇంకోటి కూడా ఉంది. క్యాపులు సిమెంటుతో అంటించారు. ఆ సిమెంటు తునక ఒకటి చిగురు కింద మిగిలిపోయింది, దాని చుట్టూ పాచి పేరుకుంది. చిగురు మొద్దుబారడానికి మందు వేసి ఆవిడ దాన్ని తీసి గాజు పలక మీద పెట్టి చూపించారు. నువ్వుగింజలో సగం కూడా లేదు. తెల్లగా, ఒక అంచు పదునుగా ఉంది. దాని వల్లనే పదిహేను నెలలుగా చిగురు రోజూ ఒరుసుకుపోయింది. కొత్తగా ఇంప్లాంట్ వేయించుకునేవాళ్ళు క్యాపు సిమెంటుదా స్క్రూదా అని ముందే అడగండి. స్క్రూతో బిగించేది అయితే ఈ సిమెంటు బాధ ఉండదు, అవసరమైతే విప్పి శుభ్రం చేసి మళ్ళీ బిగించొచ్చు. అన్ని నోళ్ళకీ స్క్రూది కుదరదట, అయినా అడగడంలో తప్పు లేదు. సిమెంటుదే పెట్టారంటే, మిగిలిన సిమెంటు పూర్తిగా పోయిందో లేదో అదే రోజు ఎక్స్‌రే తీసి చూడమనండి.

గార తీయడానికి మామూలు స్టీలు పరికరం వాడలేదు. ఇంప్లాంట్ మీద స్టీలుతో గీకితే గరుకు తేలి పాచి ఇంకా త్వరగా పడుతుందట. ప్లాస్టిక్ మొనతో కొంత, తర్వాత మెత్తటి పొడి కలిపిన నీటి జల్లుతో కొంత. పొడి కాస్త తియ్యగా, ముగ్గుపిండి నోట్లో పడ్డట్టు ఉంది. నొప్పి లేదు. మీరు వెళ్ళే చోట, "నాకిక్కడ ఇంప్లాంట్ ఉంది, దేంతో క్లీన్ చేస్తారు" అని నోరు విప్పి అడగండి. అడిగితే ఏమనుకుంటారోనని మనం మొహమాటపడతాం. మన నోరు కదా.

చివర్లో నీలం రంగు పల్చటి కాగితం పళ్ళ మధ్య పెట్టి కొరకమన్నారు. మేము గుడ్డ మీదికి గుర్తులు దించడానికి వాడే కార్బన్ కాగితం లాంటిదే. ఎక్కడ ఎక్కువ ఒత్తిడి పడుతోందో అక్కడ నీలం మచ్చ పడుతుంది. సొంత పళ్ళు కొరికినప్పుడు కాస్త లోపలికి ఒదుగుతాయి, ఇంప్లాంట్ ఒదగదు, అందుకని దాని మీద భారం ఎక్కువ పడకుండా చూడాలట. నా వెనక క్యాపు మీద ముదురు మచ్చ పడితే కొంచెం అరగదీశారు.

ఆ రోజు మొత్తం 3,200 అయింది. తర్వాత ఒక్కో చెకప్‌కి క్లీనింగుతో కలిపి 1,200 తీసుకుంటున్నారు, ఏడాదికోసారి ఎక్స్‌రేకి 300 అదనం. మొదట నెల తర్వాత ఒకసారి, ఆపైన మూణ్ణెల్లకోసారి వెళ్ళాను, 2023 అక్టోబరు నుంచి ఆరు నెలలకోసారి. షుగర్ బాగా అదుపులో ఉన్నా నాలాంటి వాళ్ళకి ఏడాదికోసారి సరిపోదు అన్నారు.

బాగాలేనివి కూడా చెప్పాలి. రెండో అంతస్తు, లిఫ్టు లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం. పది గంటలకి రమ్మంటే పన్నెండున్నరకి పిలుస్తారు. రెండుసార్లు నా తిరుగు రైలు పోయింది. కార్డు మీద రాసిన తేదీకి ముందు ఫోన్ చేసి గుర్తు చేస్తామన్నారు, ఏడుసార్లలో రెండుసార్లే చేశారు. నేనే క్యాలెండర్ మీద ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టుకుంటున్నాను. ఇన్ని ఉన్నా నేను అక్కడికే వెళతాను. అంకెలు ప్రతిసారీ పాత అంకెల పక్కన పెట్టి చూపిస్తారు కాబట్టి.

ఇంట్లో వాడేవి

సందుల్లో తోమే చిన్న బ్రష్. ఒక్కటే వస్తువు కొనుక్కోగలరంటే ఇదే కొనుక్కోండి. సీసాలు కడిగే బ్రష్షుని అగ్గిపుల్ల కంటే చిన్నది చేసినట్టుంటుంది. డాక్టరు గారు నమూనాలు ఒక్కొక్కటి పెట్టి చూసి, రెండు క్యాపుల మధ్యకి 0.8, ముందు క్యాపుకీ నా సొంత పంటికీ మధ్యకి 0.6 అని రాసిచ్చారు. నేను వాడేది టెపె కంపెనీది, అందులో 0.8 ఆకుపచ్చ, 0.6 నీలం. కంపెనీని బట్టి రంగులు మారతాయి, అందుకని రంగు చూసి కొనకండి, సైజు చూసి కొనండి. వదులుగా ఉంటే పాచి రాదు. బిగుతుగా ఉంటే చిగురు గీసుకుపోతుంది. సందులో కుచ్చు కాస్త ఒత్తుకుంటూ పోవాలి, తీగ మాత్రం ఎక్కడా తగలకూడదు. తీగకి ప్లాస్టిక్ పూత ఉండి తీరాలి. ఇది ఇంప్లాంట్ వాళ్ళకి చాలా ముఖ్యం. వట్టి తీగ లోహాన్ని గీస్తుంది.

ఒకసారి ఆన్‌లైన్‌లో చవగ్గా ఉన్నాయని ముప్పై బ్రష్షుల ప్యాకెట్టు ఒకటి తెప్పించాను. మూడో రోజు తీగ సందులోనే పుటుక్కున విరిగింది. ట్వీజరుతో తీసుకునేసరికి చెమటలు పట్టాయి. మిగతావన్నీ మిషను సందుల్లో దుమ్ము దులపడానికి వాడేస్తున్నాను. ఊళ్ళో మందుల షాపులో థర్మోసీల్ ప్రాక్సా దొరుకుతుంది, టెపె రాకపోతే అది వాడతాను, అది కూడా బాగానే ఉంది. ఒక బ్రష్ నాకు వారం, పది రోజులు వస్తుంది. కుచ్చు వాలిపోతే పారేయాలి. పేస్టు వేయక్కర్లేదు, నీళ్ళలో తడిపి పెట్టడమే. లోపలి దవడకి చేయి తిరగడం మొదటి వారం కష్టంగా ఉంటుంది. సగం నోరు మూసి, పెదవిని చూపుడు వేలితో పక్కకి లాగి పెడితే దారి దొరుకుతుంది. నోరు పూర్తిగా తెరిస్తే బుగ్గ బిగుసుకుని అడ్డం వస్తుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టుకున్నాను.

స్వీడన్ మాట ఒకటి ఇక్కడ చెప్పాలనిపిస్తోంది. ఎదురుచూస్తున్న రెండున్నర గంటల్లో డాక్టరు గారి గోడ మీద చదివాను, తర్వాత మా అమ్మాయి వెతికి ఇంకొంత చెప్పింది. ఈ ఇంప్లాంట్ పుట్టింది ఆ దేశంలోనే. బ్రోనెమార్క్ అనే డాక్టరు 1952లో కుందేలు ఎముకలో టైటానియం పరికరం పెట్టి, తర్వాత తీయబోతే ఊడి రాలేదట, ఎముక దాన్ని తనలో కలిపేసుకుందట. 1965లో మొదటిసారి మనిషికి పెట్టారు. ఆ మనిషి 2006లో చనిపోయేదాకా, నలభై ఏళ్ళకి పైగా ఆ ఇంప్లాంట్లతోనే ఉన్నాడు. నేను వాడే ఈ బ్రష్ కంపెనీ కూడా అక్కడిదే, అదే 1965లో పళ్ళ సందుల్లో పెట్టుకునే చెక్క పుల్లలతో మొదలైందట. నలభై ఏళ్ళు అన్న మాట చదివి నాకు చాలా ధైర్యం వచ్చింది. నాకు అంత అక్కర్లేదు, పాతికేళ్ళు చాలు.

సూపర్ ఫ్లాస్. ఓరల్ బి వాళ్ళది. ఒక్కో పోగుకి మూడు భాగాలు. ఒక చివర గట్టిగా, మధ్యలో స్పాంజిలా ఉబ్బుగా, మిగతాది మామూలు దారం. గట్టి చివరని క్యాపుల మధ్య నుంచి సూదిలా దూర్చి, స్పాంజి భాగాన్ని క్యాపు మెడ చుట్టూ తిప్పి ముందుకీ వెనక్కీ లాగాలి. సూది పని తెలిసిన చేతులకి ఇది ఒక్క రోజులో వచ్చేస్తుంది. మా అసిస్టెంటు అమ్మాయి నన్ను చూసి వాళ్ళ నాన్నకి నేర్పింది, ఆయనకి పది రోజులు పట్టింది. వారానికి మూడుసార్లు వాడుతున్నాను. ఖరీదు ఎక్కువ, ఒక్కో పోగు ఒక్కసారే.

దారం విషయంలో ఒక హెచ్చరిక. లాగి తీసిన దారానికి పీచు లేచి ఉంటే, ఆ పీచు ముక్క కొంత లోపలే చిక్కుకుని ఉండొచ్చు. క్యాపు అంచు గరుకుగా ఉన్నా, చిగురు దిగి ఇంప్లాంట్ గరుకు భాగం బయటపడినా ఇలా అవుతుంది. లోపల మిగిలిన పీచే మళ్ళీ చిగురుని చెడగొడుతుంది. అలాంటప్పుడు దారం ఆపేసి డాక్టరుకి చూపించాలి. నేను మిషను దారం వాడానని చెప్పినప్పుడు డాక్టరు గారు మొదటిసారి గట్టిగా మందలించారు. అది నూలు పేనిన దారం, రంగు వేసినది, చిగురుని కోసేస్తుంది. ఆ రోజు నుంచి మానేశాను. నోట్లో గుండుసూదులు పెట్టుకోవడం, పళ్ళతో దారం తెంచడం కూడా మానేశాను. ముప్పై ఏళ్ళ అలవాటు మానడానికి మెళ్ళో చిన్న కత్తెర దారానికి కట్టి వేసుకున్నాను.

నీటి ధార మిషను, వాటర్ ఫ్లాసర్. మా అల్లుడు హైదరాబాద్ నుంచి పంపాడు. గోంగూర పీచు, మునక్కాయ పీచు, మాంసం పోగు, ఇలాంటివి చిటికెలో ఎగిరొస్తాయి. చిగురుకి మర్దన చేసినట్టు హాయిగా ఉంటుంది. కానీ అంటుకున్న పాచి దీంతో పూర్తిగా పోదు. ధార కొట్టిన తర్వాత చిన్న బ్రష్ పెట్టి చూశాను, బ్రష్షుకి తెల్లగా పాచి వచ్చింది. అందుకని ఇది అదనం అనుకోవాలి. చేతులు వణికే పెద్దవాళ్ళకి, చిన్న బ్రష్ దూర్చుకోలేని వాళ్ళకి మాత్రం ఇదే దిక్కు, వాళ్ళకి తప్పకుండా కొనిపెట్టండి. గోరువెచ్చటి నీళ్ళు పోయండి, మొదట తక్కువ వేగంలో పెట్టండి, సింకు మీదికి వంగి పెదాలు దగ్గరగా పెట్టి స్విచ్చి నొక్కండి. నేను మొదటి రోజు నిటారుగా నిలబడి నొక్కితే అద్దం, జాకెట్టు అన్నీ తడిసిపోయాయి. మొదట వచ్చిన మిషను ఎనిమిది నెలలకే ముక్కు దగ్గర కారడం మొదలుపెట్టింది. వారంటీ ఉందన్నా మార్చడానికి నెలన్నర పట్టింది. బిల్లు దాచుకోండి.

ఒంటి కుచ్చు బ్రష్. చివర ఒకే ఒక్క చిన్న కుచ్చు. ఆఖరి క్యాపు వెనక, నాలుక వైపు క్యాపు అంచు దగ్గర మామూలు బ్రష్ తల పట్టదు, అక్కడికి ఇది. చవక. రెండు మూడు నెలలు వస్తుంది.

మామూలు బ్రష్ మెత్తటిదే. పేస్టు సాదాది. తెల్లబరిచే పేస్టులు, బొగ్గు పేస్టులు, పళ్ళపొడి వద్దన్నారు, గరుకు వల్ల. మా అమ్మకి ఇప్పటికీ వేపపుల్లే. ఆవిడ పళ్ళు గట్టివే, కానీ ఇంప్లాంట్ మెడ దగ్గరికి వేపపుల్ల చేరదు.

మౌత్‌వాష్ దగ్గర చాలామంది పొరపాటు పడుతున్నారు. క్లోరెక్సిడిన్ ఉన్న మందు రెండు వారాలు రాసిచ్చారు, రోజుకి రెండుసార్లు. పేస్టుతో తోమిన వెంటనే పుక్కిలిస్తే దాని పని తగ్గిపోతుంది, అరగంట ఆగాలి. వాడినన్నాళ్ళూ పప్పు చారు చప్పగా అనిపించింది, నా ముందు పళ్ళ మీద గోధుమ రంగు మరకలు పడ్డాయి, క్లీనింగ్‌లో పోయాయి. బాగుంది కదా అని నెలల తరబడి వాడేది కాదు. మందుల షాపు ఆయన చెబుతాడు, చీటీ లేకుండా ఏడాదంతా కొనుక్కెళ్ళేవాళ్ళు ఉన్నారని. పుక్కిలిస్తే పాచి పోదు. తోమితేనే పోతుంది.

రోజూ రాత్రి వీటన్నిటికీ కలిపి నాకు ఆరేడు నిమిషాలు పడుతుంది. చిన్న బ్రష్, తర్వాత ఒంటి కుచ్చు, తర్వాత మామూలు బ్రష్. నెలకి 250 నుంచి 300 రూపాయలు. ఒక జాకెట్టు కుట్టుకూలి. షాపు మూసి ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనమైపోయిన రోజులు ఉంటాయి. అలాంటి రోజున ఏది మానేసినా ఆ చిన్న బ్రష్ మాత్రం మాననని పెట్టుకున్నాను.

ఇప్పుడు ఎలా ఉంది

2025 ఏప్రిల్‌లో ఏడోసారి వెళ్ళాను. షుగర్ సగటు 7.1కి వచ్చింది. మూణ్ణెల్లు రాత్రి అన్నం మాని జొన్నరొట్టె తిన్నాను, సాయంత్రం కాలవ గట్టు మీద నడక పెట్టుకున్నాను. మొదటిసారి చిగుళ్ళ కోసం షుగర్ తగ్గించుకున్నాను, అంతకుముందు డాక్టర్లు ఎంత చెప్పినా చేయనిది.

ఎక్స్‌రేలో ఎముక 2023లో ఎక్కడుందో అక్కడే ఉంది. పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి పెన్సిలుతో గీత గీసి చూపించారు. వెనక క్యాపు కొంచెం కదులుతోందా అని అనుమానం ఉందని చెప్పాను. రెండు పరికరాల పిడులతో అటూ ఇటూ నెట్టి చూశారు, కదల్లేదు. క్యాపు కదిలినట్టు అనిపించినా, టిక్కుమని చప్పుడు వచ్చినా, మర్నాటికి వాయిదా వేయొద్దు అన్నారు. సిమెంటు క్యాపు కింద కూడా లోపల స్క్రూ ఉంటుందట, అది వదులైతే అప్పుడే బిగిస్తే సరిపోతుంది, అలాగే నములుతూ ఉంటే విరుగుతుంది.

తర్వాత ఆ ప్లాస్టిక్ పుల్ల తీసుకుని అంకెలు చెప్పడం మొదలుపెట్టారు. కళ్ళు మూసుకుని విన్నాను. "మూడు, రెండు, మూడు. మూడు, మూడు, మూడు." రెండో క్యాపుకి వచ్చారు. "మూడు, మూడు, నాలుగు." ఆరు చోట్లా అయ్యేదాకా రక్తం అన్న మాట ఒక్కసారీ వినపడలేదు. రాసుకుంటున్న అమ్మాయి, "ఆంటీ, ఈసారి అన్నీ నీలం పెన్నే" అంది. రక్తం వచ్చిన చోట్లు ఎర్ర పెన్నుతో రాస్తారట, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆ కాగితం ఒక ఫోటో తీసుకుంటానని అడిగి తీసుకున్నాను. మళ్ళీ అక్టోబరులో రమ్మని రాసిచ్చిన కార్డు ఫోటోతో పాటు ఇప్పుడది నా ఫోన్‌లో ఉంది, ఇంప్లాంట్ వేయించుకున్నామని చెప్పినవాళ్ళకి కొలతలు తీసుకున్నాక అదే చూపిస్తున్నాను.